అరగంట ఆపరేషన్.. ఏండ్ల బతుకు

కిడ్నీలు చెడిపోయిన మనిషికి డయాలసిస్ అంటే వైద్యం కాదు, బతుకు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. లెక్కగడితే ఏడాదికి 156 సార్లు. సెంటర్ ఉన్న పట్నంలోనే ఇల్లున్నవాడికి ఇది కష్టం. దూరపు పల్లెలో, తండాలో, గూడెంలో ఉన్నవాడికి ఇది శిక్ష. తెల్లారకముందే బస్సెక్కాలి, తోడొచ్చిన మనిషి ఆరోజు కూలి పోగొట్టుకోవాలి, నీరసంతో చీకటిపడ్డాక ఇల్లు చేరాలి. ఒకరోజు తెరిపి, మళ్లీ ప్రయాణం.

ఇంటి దగ్గరే చేసుకునే డయాలసిస్ ఒకటుంది. దాని పేరు పెరిటోనియల్ డయాలసిస్. దానికి యంత్రం తప్పనిసరి కాదు. కరెంటు పోతే ఆగదు. వారానికి మూడుసార్లు బస్సెక్కే పనిలేదు. మరి ఇంత సౌకర్యమైన పద్ధతి మన దగ్గర ఇంత తక్కువమందికి ఎందుకు అందుతోంది? ఈ ప్రశ్న అడిగితే సమాధానాలు తయారుగా ఉంటాయి. 'మనోళ్లకు శుభ్రత తెల్వదు', 'చదువురాదు, ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటరు', 'పల్లె ఇండ్లల్ల ఇది నడవదు'. గమనించండి, ఈ సమాధానాలన్నీ ఒకే దిక్కు వేలు చూపిస్తాయి. తప్పంతా రోగిదే! దవాఖానది, సర్కారుది, ఆపరేషన్ థియేటర్‌ది ఏ తప్పూ లేదు!

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. రోగి పొట్టలో ఆ గొట్టం ఎవరు వేశారు? ఎట్లా వేశారు? ఎన్ని వేసిన అనుభవం ఉన్నవాళ్లు వేశారు? పెరిటోనియల్ డయాలసిస్ నడవడం, నడవకపోవడం చాలావరకు ఆ బల్ల మీద గడిచే అరగంట, ముప్పావుగంటలోనే తేలిపోతుంది. ఆ కాస్త సమయం గురించే ఈ వ్యాసం.

గొట్టం కథ

మన పొట్ట లోపల పేగుల మీద, గోడల మీద పల్చటి పొర ఉంటుంది. దాని నిండా సన్నని రక్తనాళాలు. పొట్టలోకి రెండు లీటర్ల ద్రవం ఎక్కించి కొన్ని గంటలు ఉంచితే రక్తంలోని మలినాలు, ఎక్కువైన నీరు ఆ పొర గుండా ద్రవంలోకి వస్తాయి. ఆ ద్రవాన్ని బయటికి వంపేసి కొత్తది ఎక్కించాలి. సాధారణంగా రోజుకు నాలుగుసార్లు ఇట్లా మార్చుకోవాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో జార్జ్ గాంటర్ అనే వైద్యుడు 1923లోనే దీన్ని మనిషి మీద ప్రయత్నించాడు. ఆలోచన మంచిదే, కానీ దారి లేదు. పొట్టలోకి పోయే దారి ప్రతిసారీ కొత్తగా చేయాల్సివచ్చేది. చేసిన చోటల్లా చీము పట్టేది, ద్రవం కారేది.

ఆ దారి చూపించినవాడు అమెరికాలోని సియాటిల్‌కు చెందిన హెన్రీ టెంకాఫ్. 1968లో ఆయన మెత్తటి సిలికాన్ గొట్టానికి రెండు చోట్ల డాక్రాన్ గుడ్డ పట్టీలు చుట్టాడు. శరీరంలోని కణజాలం ఆ గుడ్డలోకి అల్లుకుపోయి గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటుంది. బయటి క్రిములకు అదే అడ్డుగోడ. 1976లో పోపోవిచ్, మాన్‌క్రీఫ్ అనే ఇద్దరు ఇంటి దగ్గరే నిరంతరం చేసుకునే పద్ధతిని ముందుకు తెచ్చారు. ఆ తర్వాత రెండేండ్లలోనే టొరంటోలో ఒరియోపౌలోస్ బృందం గాజు సీసాల స్థానంలో ప్లాస్టిక్ సంచులు తెచ్చింది. యాభై ఏండ్లకు పైగా గడిచినా నేటికీ ప్రపంచమంతా వాడుతున్నది టెంకాఫ్ గొట్టమే, కాకుంటే చిన్నచిన్న మార్పులతో. అంటే సామాను దొరకని కాలం పోయింది. ఇక మిగిలింది వేసే చేయి.

బల్ల మీదికి పోకముందే సగం పని

ఈ ఆపరేషన్‌లో మొదటి పరికరం కత్తి కాదు, గుర్తుపెట్టే పెన్ను. గొట్టం కొస కటి భాగంలో, మూత్రసంచి వెనుక లోతట్టున కూర్చోవాలి. అక్కడైతేనే నీరంతా దిగుతుంది. అందుకు రోగిని పడుకోబెట్టి, గొట్టం చుట్టకొసను పొత్తికడుపు కింది ఎముక పైఅంచుకు ఆనించి, లోపలి పట్టీ ఎక్కడికి వస్తుందో అక్కడ గుర్తు పెట్టాలి. పొట్టిమనిషికి, పొడుగుమనిషికి ఆ గుర్తు ఒకచోట ఉండదు. అందరికీ 'బొడ్డు కింద రెండు వేళ్లు' అని ఒకే లెక్కన వేస్తే కొందరికి కొస పైన పేగుల మధ్య తేలుతుంది, కొందరికి మరీ కిందికి దిగి పొడుస్తుంది.

తర్వాత రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి మళ్లీ చూడాలి. గొట్టం బయటికి వచ్చే చోటు మనిషి కట్టుకునే బట్టను బట్టి ఉండాలి. లంగా బొందు ఎక్కడ ముడి వేస్తుంది? లుంగీ ఎక్కడ బిగుస్తుంది? ప్యాంటు బెల్టు ఎక్కడ ఒత్తుతుంది? ఆ గీత మీద రంధ్రం వస్తే రోజూ ఒరుసుకుని పుండవుతుంది. పొట్ట మడత లోపల వస్తే చెమటకు నానుతుంది. తన కంటికి కనపడని చోట వస్తే తానెట్లా శుభ్రం చేసుకుంటాడు? బాగా లావున్నవాళ్లకు పొట్ట పైభాగంలోనో, ఛాతీ మీదనో బయటికి తీసే పొడుగు గొట్టాలు కూడా ఉన్నాయి. నడుము దగ్గర చీర ముడి వేసే అవ్వను ఈ ఒక్క ముక్క అడగకుండా థియేటర్‌లోకి తీసుకుపోయి, ఆరునెలల తర్వాత పుండు చూపిస్తే 'శుభ్రంగ ఉంచుకోలే' అని కసురుకోవడం ఏం న్యాయం?

ముందురోజు విరేచనం మందు ఇవ్వాలి. పేగులు నిండుగా ఉంటే గొట్టం పక్కకు నెట్టుకుపోతుంది. మూత్రసంచి ఖాళీ చేయించాలి. కోతకు ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఇవన్నీ కోట్ల ఖర్చుతో పనిలేనివి. ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటి టిక్కు పెడితే అయిపోయేవి.

ఏ పద్ధతి మంచిది?

గొట్టం వేసే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది చిన్న కోత పెట్టి కంటితో చూస్తూ వేసేది. ప్రత్యేక యంత్రాలు అక్కరలేదు, మామూలు జనరల్ సర్జన్ నేర్చుకోవచ్చు. రెండోది సూది గుచ్చి, తీగ మీదుగా గొట్టాన్ని జార్చేది. మొత్తం మత్తు అక్కరలేదు, చోటు మొద్దుబారిస్తే చాలు. గుండె బలహీనంగా ఉండి పూర్తి మత్తు తట్టుకోలేని రోగికి ఇది పెద్ద ఊరట. సర్జన్ కోసం, థియేటర్ కోసం ఎదురుచూడకుండా శిక్షణ పొందిన నెఫ్రాలజిస్టే వేయగలడు. కాకపోతే లోపల కనిపించదు కాబట్టి పేగుకు తగిలే ప్రమాదం ఉంది. అల్ట్రాసౌండో, ఎక్స్‌రే తెరో సాయం ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. మూడోది ల్యాప్రోస్కోపీ, కెమెరాతో లోపల చూస్తూ వేసేది. దీనికి పూర్తి మత్తు, పరికరాలు, ఖర్చు కావాలి.

కెమెరా అనగానే మిగతావన్నీ పాతచింతకాయ పచ్చడి అనుకోవద్దు. కెమెరాతో ఊరికే చూసి గొట్టం జార్చినంత మాత్రాన కోత పద్ధతి కన్నా పెద్ద లాభమేమీ లేదు. లాభమంతా కెమెరా ఉన్నందువల్ల చేయగలిగే అదనపు పనుల్లో ఉంది. గొట్టాన్ని పొట్ట మీది నిలువు కండరం తొడుగులో కొంతదూరం సొరంగంలా నడిపిస్తే అది పైకి తేలిపోదు. పేగుల మీద వేలాడే కొవ్వుపొరను పైకి కుట్టేస్తే గొట్టం రంధ్రాలకు చుట్టుకోదు. పాత ఆపరేషన్ల వల్ల అతుక్కున్న చోట్లను విడదీయవచ్చు. అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం 2019 మార్గదర్శకాలు పెట్టిన లక్ష్యం కూడా ఇదే తేడా చూపుతుంది. ఈ అదనపు పనులతో కూడిన ల్యాప్రోస్కోపీలో ఏడాది తర్వాత నూటికి 95కు పైగా గొట్టాలు పనిచేస్తూ ఉండాలి. మిగతా అన్ని పద్ధతుల్లో 80కి పైగా ఉండాలి. కాబట్టి ల్యాప్రోస్కోపీ పేరుతో బిల్లు వేసే దవాఖానను 'లోపల ఏమేం చేస్తారు?' అని అడగడం రోగి హక్కు.

ఇందులో ఆడవాళ్లకు సంబంధించిన మాట ఒకటి చెప్పుకోవాలి. మన పల్లెల్లో నడివయసు ఆడవాళ్లలో పొట్ట మీద ఏదో ఒక ఆపరేషన్ కానివాళ్లు ఎందరున్నారు? కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఆడవాళ్లకే. సిజేరియన్ ఆడవాళ్లకే. గర్భసంచి తీసివేత ఆడవాళ్లకే. తీరా కిడ్నీలు పోయాక 'పొట్ట ఆపరేషన్ అయింది కదా, నీకు ఈ డయాలసిస్ కుదరదు' అనే మాటా వాళ్లకే. పాత కోత ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోయినట్లు కాదు. అట్లాంటివాళ్లకు గుడ్డిగా సూది గుచ్చడం తప్పు. కెమెరా పెట్టి లోపల ఎట్లా ఉందో చూసి తేల్చాలి. చూడకుండానే తలుపు మూయడం వైద్యం కాదు.

అంటే పద్ధతుల మధ్య పందెం పెట్టాల్సిన పనిలేదు. పొట్టకు కత్తి తగలని మనిషికి సూది పద్ధతి లేదా చిన్న కోత చాలు. పాత ఆపరేషన్లున్న మనిషికి కెమెరా కావాలి. ఏ మనిషికి ఏది అని తేల్చగల బృందం ఉండాలి. మన దగ్గర జరుగుతున్నదేమిటి? దవాఖానలో ఏది ఉంటే అదే రోగికి 'మంచి పద్ధతి' అయిపోతోంది.

'చిన్న ఆపరేషన్' అనే చిన్నచూపు

గొట్టం వేయడం సర్జరీ పుస్తకాల్లో చిన్న ఆపరేషన్. చిన్నది కాబట్టి థియేటర్ లిస్టులో ఆఖరు. పొద్దుటి నుంచి పెద్ద కేసులన్నీ అయ్యాక, అందరూ అలసిపోయాక దాని వంతు. అదీ ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వేస్తారు. ఇది జూనియర్ల మీద నింద కాదు. ఎవరూ దగ్గరుండి నేర్పని పనిని వాళ్ల నెత్తిన పెట్టిన వ్యవస్థ మీద నింద. ఆ గొట్టాన్ని రోజూ వాడుకునేది రోగి, కనిపెట్టుకునేది నెఫ్రాలజిస్టు. వేసిన చేతికి అది తర్వాత ఎట్లా పనిచేసిందో కబురే తెలియదు. తన తప్పు తనకు తెలియని చేయి ఎట్లా మెరుగవుతుంది?

రోజుకు నాలుగుసార్లంటే ఏడాదికి 1460 సార్లు ఆ గొట్టం తెరవాలి, మూయాలి. బయటి పట్టీ రంధ్రానికి కనీసం రెండు సెంటీమీటర్ల లోపల ఉండాలి. అజాగ్రత్తగా మరీ అంచుకు పెడితే పట్టీ బయటికి తొంగిచూసి క్రిములకు ఇల్లవుతుంది. రంధ్రం పైముఖంగా ఉంటే చెమట, నీరు లోపలికి దిగుతాయి. పక్కకో, కిందికో తిరిగి ఉండాలి. రంధ్రం దగ్గర కుట్టు వేయకూడదు. లోపలి పట్టీ కండరంలో కూర్చోవాలి. నడిగీత మీద కోసి వేస్తే ద్రవం కారడం, హెర్నియా రావడం ఎక్కువ. మూసేముందు సెలైన్ ఎక్కించి దింపి, ధార బాగుందని చూశాకే రోగిని బల్ల మీద నుంచి దించాలి. ఇన్ని ఉన్నదాన్ని చిన్న ఆపరేషన్ అనడం ఎవరి సౌకర్యం కోసం?

అంతర్జాతీయ సంఘం లెక్క మరొకటి చూడండి. గొట్టం వేసిన 30 రోజుల్లోపు రంధ్రం దగ్గర ఇన్ఫెక్షన్ నూటికి ఐదుగురి కంటే తక్కువమందికే రావాలి. పొట్టలోపలి ఇన్ఫెక్షన్‌కూ అదే హద్దు. పేగుకు గాయం నూటికి ఒకటి కంటే తక్కువ ఉండాలి. ఎందుకీ 30 రోజుల హద్దు? ఆ నెలలో వచ్చే ఇన్ఫెక్షన్‌కు జవాబు చెప్పాల్సిన మొదటి చోటు రోగి ఇల్లు కాదు, థియేటర్ అని. మన దవాఖానల్లో ఎన్ని ఈ లెక్క రాసి గోడకు పెట్టాయి?

నీరు దిగకపోవడం మరో గోస. 'సార్, నీళ్లు లోపలికి పోతున్నయి గని బయటికి రావట్లే' అని రోగి ఫోన్ చేస్తాడు. చాలాసార్లు కారణం మలబద్ధకం. విరేచనం మందుతోనే సర్దుకుంటుంది. కొన్నిసార్లు కొస పైకి తేలివుంటుంది, లేదా కొవ్వుపొర చుట్టుకుని ఉంటుంది. దాన్ని సరిచేసే సౌకర్యం దగ్గర్లో లేకపోతే ఏమవుతుంది? గొట్టం తీసేస్తారు. మెడలో గొట్టం పెట్టి యంత్రం మీదికి మారుస్తారు. కేసు షీటులో 'పెరిటోనియల్ డయాలసిస్ ఫెయిల్' అని పడుతుంది. ఫెయిలైంది పద్ధతా? రోగా? వేసిన తీరా? ఆ షీటు చెప్పదు.

ఎంచుకునే అవకాశమే లేనప్పుడు

మన దగ్గర ఎక్కువమంది రోగులు ఆయాసంతో, వాపుతో, ప్రాణం మీదికొచ్చాకే దవాఖాన చేరతారు. అర్ధరాత్రి మెడలో గొట్టం, యంత్రం మీద డయాలసిస్. ప్రాణం దక్కుతుంది, సంతోషమే. కానీ ఆ తర్వాత రెండో దారి ఉందన్న మాట ఎవరూ చెప్పరు. పొట్టలో గొట్టం వేశాక పుండు మానడానికి రెండు వారాలు ఆగడం మంచిది. అత్యవసరమైతే అంతకంటే ముందే, రోగిని పడుకోబెట్టి తక్కువ తక్కువ ద్రవంతో మొదలుపెట్టవచ్చు. పగలు గొట్టం వేయగల మనిషి ఆ దవాఖానలో ఉంటే ఇది సాధ్యం. లేకపోతే పుస్తకంలోనే ఉంటుంది.

వేరే దేశాల్లో ఎట్లా చేశారు? హాంకాంగ్ 1985 నుంచి ప్రభుత్వ వైద్యంలో పెరిటోనియల్ డయాలసిస్‌నే మొదటి దారిగా పెట్టుకుంది. థాయిలాండ్ 2008లో తన ఆరోగ్య పథకం కింద అదే విధానం తెచ్చింది. పల్లెటూళ్లు, రైతుకూలీలు ఎక్కువగా ఉన్న దేశమది. మన పల్లెల్లో నడవదు అనేవాళ్లు అక్కడి పల్లెలు చూడాలి. 2022లో థాయిలాండ్ ఆ నిబంధన సడలించి, ఏది కావాలో ఎంచుకునే స్వేచ్ఛ రోగికిచ్చింది. మనం కోరేదీ బలవంతం కాదు, ఆ స్వేచ్ఛే. రెండు దారులూ నిజంగా తెరిచి ఉంటేనే అది స్వేచ్ఛ.

కేంద్రం 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించినప్పుడు అది యంత్రం డయాలసిస్ కోసమే. పెరిటోనియల్ డయాలసిస్‌కు మార్గదర్శకాలు 2019లో గానీ రాలేదు. మార్గదర్శకం కాగితం. కాగితం పొట్టలో గొట్టం వేయదు. సెంటర్‌కు యంత్రాలు కొంటే రిబ్బన్ కత్తిరించొచ్చు, ఫొటో దిగొచ్చు. ఒక సర్జన్‌కు, ఒక నెఫ్రాలజిస్టుకు, ఇద్దరు నర్సులకు శిక్షణ ఇస్తే కత్తిరించడానికి రిబ్బన్ ఎక్కడుంటుంది? అందుకేనా ఈ నిర్లక్ష్యం?

ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. పెరిటోనియల్ డయాలసిస్ అందరికీ సరిపోదు. బాగుచేయని హెర్నియా ఉన్నవాళ్లకు, పొట్టలోపల అంతా అతుక్కుపోయినవాళ్లకు, చేసుకోలేని స్థితిలో ఉండి ఇంట్లో చేసిపెట్టే మనిషి లేనివాళ్లకు యంత్రమే దిక్కు. రోజుకు ఎనిమిది లీటర్ల ద్రవమంటే నెలకు 240 లీటర్ల సంచులు ఇంటికి చేరాలి, దాచే చోటుండాలి. ఏండ్లు గడిచే కొద్దీ లోపలి పొర బలహీనపడుతుంది కూడా. ఇవన్నీ నిజాలే. కానీ ఇవి రోగితో కూర్చుని మాట్లాడుకోవాల్సిన నిజాలు. రోగికి చెప్పకుండా తలుపు మూయడానికి సాకులు కావు.

అడగాల్సినవి

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఊరికి పోయినప్పుడు కిడ్నీ జబ్బున్న పెద్దమ్మో, చిన్నాయనో ఉంటే ఈ ప్రశ్నలు వాళ్ల చేతికివ్వండి, లేదా వాళ్ల తరఫున మీరే అడగండి. నాకు ఇంటి దగ్గర చేసుకునే డయాలసిస్ కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు? గొట్టం ఎవరు వేస్తారు, ఏడాదికి ఎన్ని వేస్తారు? నా పొట్ట మీది పాత కోతలు చూశారా? కూర్చోబెట్టి, నిలబెట్టి గుర్తు పెట్టారా? గొట్టం ఆగిపోతే బాగుచేసేది ఎక్కడ? అడిగితే డాక్టర్‌కు కోపమొస్తుందని భయపడొద్దు. పని బాగా తెలిసిన డాక్టర్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు.

సర్కారును అడగాల్సినవి వేరే ఉన్నాయి. ప్రతి జిల్లా పెద్ద దవాఖానలో గొట్టం వేయడం వచ్చిన ఒక బృందం ఉండాలి. నెఫ్రాలజీ చదువుకునే ప్రతి డాక్టర్‌కు సూది పద్ధతి చేతితో నేర్పాలి. సర్జరీ విద్యార్థి దీన్ని పెద్దల పర్యవేక్షణలో చేశాకే ఒంటరిగా చేయాలి. వేసిన ప్రతి గొట్టం 30 రోజులకు, ఏడాదికి ఎట్లా ఉందో రాసిపెట్టి బయటపెట్టాలి. ఆరోగ్య పథకం డబ్బు గొట్టం వేయడంతో ఆగకుండా నెలనెలా ఇంటికి చేరాల్సిన సంచుల దాకా, గొట్టం సరిచేసే ఆపరేషన్ దాకా రావాలి. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తోంది. అక్కడి జనం కోసం 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల దవాఖాన తెరిచారు. అక్కడి రోగికైనా, ఇక్కడి రోగికైనా అడగాల్సింది ఒక్కటే. పడకలు ఎన్ని అని కాదు, గొట్టం సరిగ్గా వేసే చేతులు ఎన్ని అని.

రోగికి శుభ్రత నేర్పుదాం, తప్పకుండా నేర్పుదాం. అంతకంటే ముందు దవాఖానకు జవాబుదారీతనం నేర్పాలి. పొట్టలో గొట్టంతో ఏండ్ల తరబడి బతకాల్సిన మనిషికి దవాఖాన ఇవ్వాల్సింది అరగంట శ్రద్ధ. ఆ అరగంట కూడా ఇవ్వనివాళ్లకు ఆ మనిషి శుభ్రత గురించి మాట్లాడే హక్కు లేదు.